ఖాళీ సీటు ఎవరి హక్కు?

ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అనారోగ్యం ఆయన పెట్టే పరీక్ష. ఈ మాట మనం తరచూ వింటుంటాం, ఇతరులకూ చెబుతుంటాం. అయితే వ్యాధి ఒక్క రోగికే పరీక్ష కాదు, అతని చుట్టూ ఉన్నవారికి కూడా పరీక్షే. రోగి ఎంత సహనం వహించాడని అతన్ని అడుగుతారు. మీ దగ్గర ఉన్నదానితో అతనికి ఏం చేశారని మనల్ని అడుగుతారు. ఈ రెండో పరీక్షకు సంబంధించిన ఒకే ఒక్క ప్రశ్నను ఇక్కడ పరిశీలిద్దాం: డాక్టరు రమ్మన్న రోజున ఆసుపత్రికి చేరే దారి లేని రోగిని అక్కడికి చేర్చడం మనం చేసే ఉపకారమా? లేక మన మీద అతనికి ఉన్న హక్కా?

ప్రశ్న చిన్నదిగానే కనబడుతుంది. కాని దీనికి మనం ఇచ్చుకునే జవాబును బట్టే మన ప్రవర్తన ఉంటుంది. ఉపకారమనుకుంటే తీరికున్నప్పుడు చేస్తాం, లేనప్పుడు మానేస్తాం. హక్కు అనుకుంటే తీరిక చేసుకుంటాం.

పరామర్శ దగ్గరే ఆగిపోతున్నాం

వ్యాధిగ్రస్తుల పరామర్శ (ఇయాదత్) మన సమాజంలో ఇప్పటికీ సజీవంగా ఉన్న సున్నత్. ఇది సంతోషించదగ్గ విషయం. ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి, నేను జబ్బు పడితే నువ్వు నన్ను చూడటానికి రాలేదేమని నిలదీస్తాడని, సర్వలోక ప్రభువువైన నిన్ను ఎలా పరామర్శించగలనని దాసుడు విస్తుపోతే, ఫలానా దాసుడు జబ్బు పడ్డాడు, అతని దగ్గరకు వెళ్లి ఉంటే నన్ను అక్కడే పొందేవాడివని సెలవిస్తాడని దైవప్రవక్త (స) తెలియజేశారు (ముస్లిం). ఈ హదీసు మనలో చాలామందికి తెలుసు. అందుకే ఎవరికైనా బాగాలేదని తెలియగానే పండ్లు తీసుకుని బయల్దేరతాం.

ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి. మూత్రపిండాలు చెడిపోయి డయాలసిస్ మీద ఉన్న వ్యక్తి ఇంటికి మనం అరటిపండ్లు, బత్తాయిలు, కొబ్బరిబొండాలు తీసుకువెళ్తాం. వాటిలో పొటాషియం ఎక్కువ. ఆ రోగి శరీరం దాన్ని బయటకు పంపలేదు. రక్తంలో అది పెరిగితే గుండెకే ముప్పు. ప్రేమతో తెచ్చిన పండును అతను మొహమాటంతో తీసుకుని పక్కన పెడతాడు. అతనికి నిజంగా కావలసింది వేరే ఉంది. రేపు తెల్లవారుజామున ఆసుపత్రికి ఎలా వెళ్లాలో అతనికి తెలియడం లేదు. మనం అది అడగం, అతను చెప్పడు. దుఆ చేసి, సలాం చెప్పి లేచి వస్తాం. బయట మన కారు ఉంటుంది, అందులో నాలుగు సీట్లు ఖాళీగా ఉంటాయి.

పరామర్శను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అది తలుపు వంటిది. తలుపు తీసుకుని లోపలికి వెళ్లాక ఆ ఇంటి అవసరమేమిటో తెలుసుకోవాలి కదా!

సైరన్ మోగని జబ్బులు

2005 ఆగస్టులో 108 అంబులెన్సు సేవ మన రాష్ట్రంలో మొదలైంది. ప్రమాదం జరిగినా, గుండెనొప్పి వచ్చినా, ప్రసవం ముంచుకొచ్చినా ఒక్క ఫోనుతో వాహనం వస్తోంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదలకు పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరుచుకున్నాయి. 2016లో కేంద్రం ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రకటించింది. ఇవన్నీ మేలైన ఏర్పాట్లే. వీటికి కృతజ్ఞత చూపడం మన ధర్మం.

అయితే వీటి మధ్య ఒక ఖాళీ మిగిలిపోయింది. 108 ఆపదలో ఉన్నవారి కోసం. ఆరోగ్యశ్రీ వైద్యం కోసం. మరి ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఉదయం ఆరు గంటలకు డయాలసిస్ మంచం మీద ఉండాల్సిన మనిషి ఇంటి గుమ్మం నుంచి ఆ మంచం దాకా ఎలా వెళ్లాలి? అతనిది ఆపద కాదు, కాబట్టి సైరన్ మోగించుకుంటూ ఏ బండీ రాదు. అలాగని అది వాయిదా వేసుకోదగ్గ పనీ కాదు. ఒక్కసారి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరి ఆడదు. రెండుసార్లు తప్పితే మంగళవారం నాటి మామూలు ప్రయాణమే అర్ధరాత్రి ఆపదగా మారుతుంది.

లెక్క వేసి చూడండి. వారానికి రెండుసార్లు డయాలసిస్ అంటే ఏడాదికి 104 సార్లు. రానూపోనూ 208 ప్రయాణాలు. మూడుసార్లయితే 312 ప్రయాణాలు. ఒక్కోసారి మిషను మీద సుమారు నాలుగు గంటలు గడుస్తాయి. లేచేసరికి రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆ స్థితిలో ఆటో కోసం రోడ్డు మీద నిలబడటం, బస్సు మారడం ఎంత కష్టమో ఆ రోగికే తెలుసు. క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవారి పరిస్థితి మరో రకం. వారానికి ఐదు రోజుల చొప్పున చాలామంది వారాల తరబడి వెళ్లాలి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి దూర జిల్లాల నుంచి వచ్చే పేదలకు చికిత్స ఒక భారమైతే, రాకపోకలు మరో భారం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం సంగతి అందరికీ తెలిసిందే. కిడ్నీ జబ్బులతో అల్లాడిన ఆ పల్లెల ప్రజలు ఒకప్పుడు డయాలసిస్ కోసం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్లాల్సి వచ్చేది. తర్వాత దగ్గర్లో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. దూరం తగ్గించడం కూడా వైద్యంలో భాగమేనని ఉద్దానం మనకు నేర్పుతోంది.

నిజానికి ఈ పాఠం మనకు కొత్త కాదు. కందకం యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) తీవ్రంగా గాయపడ్డారు. ఆయనను దగ్గరుండి చూసుకోవడానికి వీలుగా దైవప్రవక్త (స) మస్జిదులోనే ఆయన కోసం గుడారం వేయించారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). రోగికీ, చూసుకునేవారికీ మధ్య దూరం లేకుండా చేశారన్నమాట. అబ్బాసీల కాలంలో మంత్రి అలీ బిన్ ఈసా వైద్యులకు మందులిచ్చి, వైద్యం అందని పల్లెలకు పంపే ఏర్పాటు చేశాడు. రోగి వైద్యం దగ్గరకు రాలేనప్పుడు వైద్యాన్నే రోగి దగ్గరకు పంపారు.

సవారీ లేనివాడి కన్నీళ్లు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇది ఉపకారమా? హక్కా?

దివ్య ఖుర్‌ఆన్ తౌబా సూరా 92వ ఆయతులో కొందరు పేద విశ్వాసుల ప్రస్తావన ఉంది. తబూక్ ప్రయాణ సమయంలో వారు తమకు సవారీ సమకూర్చమని దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. వారు కన్నీళ్లు కారుస్తూ వెనుదిరిగారు. ఆ సందర్భం వేరు, మన సందర్భం వేరు. కాని ఒక్క విషయం గమనించండి. వెళ్లాలన్న తపన ఉండి, వెళ్లే సాధనం లేనివాడి కన్నీళ్లను అల్లాహ్ ఎంత విలువైనవిగా ఎంచాడంటే, ప్రళయం వరకూ పఠించబడే గ్రంథంలో వాటికి చోటిచ్చాడు. అక్కడ ఇవ్వడానికి ఏమీ లేకపోయింది. మన వీధుల్లో ఇంటికో వాహనం నిలబడి ఉంది. మన దగ్గర ఉండి కూడా ఒక రోగి కన్నీళ్లతో వెనుదిరిగితే మనం ఏ సాకు చెప్పగలం?

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఈ విషయంలో మరీ స్పష్టంగా ఉంది. ఒక ప్రయాణంలో ఒక వ్యక్తి తన సవారీ మీద వచ్చి, ఏదో అవసరమున్నవాడిలా అటూ ఇటూ చూడసాగాడు. అతను నోరు తెరిచి ఏమీ అడగలేదు. అతని చూపులు గమనించిన దైవప్రవక్త (స), అవసరానికి మించిన సవారీ ఉన్నవారు సవారీ లేనివారికి ఇవ్వాలని, అవసరానికి మించిన ఆహారం ఉన్నవారు ఆహారం లేనివారికి ఇవ్వాలని ఆదేశించారు. అలా ఒక్కో వస్తువునూ పేర్కొంటూ పోతుంటే, మిగులు మీద మనలో ఎవరికీ హక్కు లేదేమో అనిపించిందని హజ్రత్ అబూ సయీద్ (రజి) అంటారు (ముస్లిం).

ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి: మిగులు ఉన్నచోట లేనివాడి వాటా ఉంది. రెండు: అడిగేదాకా ఆగకూడదు. చూపులను బట్టే అవసరాన్ని గ్రహించాలి.

ఒంటె, గుర్రం, గాడిద ఆనాటి సవారీలు. కారు, ఆటో, స్కూటరు ఈనాటి సవారీలు. ఒక మనిషిని అతని సవారీ మీదకు ఎక్కించడం, అతని సామాను అందించడం కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). చేయి పట్టుకుని కారులో కూర్చోబెట్టడం, చేతిలోని ఫైలు అందుకోవడం అక్షరాలా ఈ హదీసు పరిధిలోకి వస్తాయి. ఇరుగుపొరుగుకు ఇచ్చే మామూలు వస్తువును సైతం ఇవ్వకుండా బిగపట్టేవారిని మాఊన్ సూరా చివరి ఆయతు తీవ్రంగా హెచ్చరిస్తుంది. ఆనాడు ఆ మామూలు వస్తువులు కుండ, గొడ్డలి, చేద. ఈనాడు కారులోని ఖాళీ సీటు వాటిలో ఒకటి కాదని ఎవరనగలరు?

కాబట్టి మా అభిప్రాయం ఇది. కారు మన సొంతమే. కాని వెళ్లే దారి లేని రోగి పక్కింట్లో ఉన్నంతకాలం, ఆ కారులోని ఖాళీ సీటులో అతనికీ వాటా ఉంది. వీధిలో ఏ ఒక్కరు ఆ బాధ్యత తీర్చినా మిగతావారి భారం దిగుతుంది. ఎవరూ తీర్చకపోతే అందరూ జవాబు చెప్పుకోవాల్సిందే.

కొన్ని అభ్యంతరాలు

ఇది ప్రభుత్వం చేయాల్సిన పని కదా అని కొందరంటారు. నిజమే. ప్రభుత్వాన్ని అడగాలి, గట్టిగా అడగాలి. కాని ఆ అర్జీకి సమాధానం వచ్చేదాకా మంగళవారం ఆగదు. పైగా ప్రభుత్వం ఇప్పటికే ఇస్తున్నవాటి గురించి కూడా చాలామంది రోగులకు తెలియదు. వైద్యం కోసం ప్రయాణించే క్యాన్సర్, కిడ్నీ, గుండె, తలసీమియా రోగులకు, వారి వెంట వెళ్లే ఒకరికి రైలు ఛార్జీలో రాయితీ ఉంది. 2020 మార్చిలో ఎన్నో రాయితీలను రైల్వే నిలిపివేసినా రోగుల రాయితీని తీసివేయలేదు. ఆసుపత్రి వారిచ్చే నిర్ణీత పత్రం కావాలి, అంతే. ఆ పత్రం రాయించి, టికెట్టు తీసిచ్చే చదువుకున్న కుర్రాడు కూడా సవారీ ఇచ్చినవాడితో సమానమే.

స్త్రీలకు బస్సు ఉచితమే కదా అని మరికొందరంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆ సౌకర్యం ఉంది. ఎందరో పేద స్త్రీలకు అది ఊరట. అయితే బస్సు టికెట్టు అడగదు గాని, మెట్టు ఎక్కే శక్తిని ఇవ్వదు. కీమోథెరపీ తీసుకుని నీరసించిన తల్లికి బస్సు దాకా నడవడమే కష్టం. ఆమెకు టికెట్టు కంటే ఆసరా ముఖ్యం.

అతని పిల్లలు గల్ఫ్‌లో ఉన్నారు, డబ్బుకేం కొదవ అనేవారూ ఉన్నారు. కడప, రాయచోటి, నిజామాబాదు, కరీంనగర్ వంటి చోట్ల ఎన్నో ఇళ్లలో ఇదే పరిస్థితి. నెలనెలా డబ్బు వస్తుంది. కాని చేయి పట్టుకుని నడిపించే మనిషి రాడు. డబ్బున్న వృద్ధుడు కూడా డయాలసిస్ గది బయట ఒంటరివాడే. మదీనాలో ఒక బానిస బాలిక వచ్చి తన పని కోసం దైవప్రవక్త (స) చేయి పట్టుకుని కోరిన చోటికి తీసుకువెళ్లగలిగేదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). ఆయన ఆమెకు డబ్బిచ్చి పంపేయలేదు, వెంట నడిచారు.

ఇక, ఒకసారి తీసుకెళ్తే ప్రతిసారీ మన మీదే పడుతుందనే భయం. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 208 ప్రయాణాలు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మొదటి వారం ఉత్సాహంగా వెళ్లినవాడు మూడో నెలలో ఫోను ఎత్తడు. అది రోగిని మరింత గాయపరుస్తుంది. దీనికి విరుగుడు పంచుకోవడమే. మస్జిదులో వాహనాలున్నవారు పన్నెండుమంది పేర్లు రాసుకుంటే, 104 రోజుల్లో ఒక్కొక్కరికి ఏడాదికి తొమ్మిది రోజులకు మించి రావు. ఆచరణల్లో అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనది కొంచెమే అయినా నిలకడగా చేసేదేనన్న హదీసు (బుఖారీ, ముస్లిం) మనకు తెలియనిది కాదు.

పాటించవలసిన మర్యాదలు

మొదటిది, ఎత్తిపొడుపు ఉండకూడదు. చేసిన మేలును చెప్పుకుని, మనసు నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని అల్లాహ్ హెచ్చరించాడు (బఖరా: 264). ట్రాఫిక్కు గురించి విసుక్కోవడం, పెట్రోలు ధర ప్రస్తావించడం, రోగితో ఫొటో దిగి పదిమందికి పంపడం ఈ కోవలోకే వస్తాయి.

రెండోది, వేళకు చేరడం. డయాలసిస్ మిషను ఒకరి తర్వాత ఒకరికి కేటాయించి ఉంటుంది. మనం అరగంట ఆలస్యమైతే ఆ రోగికి అరగంట చికిత్స తగ్గిపోవచ్చు. ముందు రోజు రాత్రే ఫోను చేసి పాత రిపోర్టులు, ఆధార్, ఆరోగ్యశ్రీ కాగితాలు సిద్ధం చేసుకోమని గుర్తుచేయాలి. వీలుపడకపోతే ఆ సంగతి కూడా రాత్రే చెప్పాలి.

మూడోది, రోగి శరీరం పట్ల జాగ్రత్త. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతిని పట్టుకుని లాగకూడదు, దాని మీద బరువు పడనీయకూడదు. కీమో తీసుకున్నవారికి దారిలో వాంతి కావచ్చు. ఒక సంచి, తువ్వాలు దగ్గరుంచుకోవాలి, ముఖం చిట్లించకూడదు. ఊపిరి అందకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా సొంత కారులో సాహసం చేయకుండా 108కి ఫోను చేయాలి. ఆ బండిలో ప్రాణవాయువూ శిక్షణ పొందిన మనిషీ ఉంటారు.

నాలుగోది, స్త్రీల విషయం. రోగి స్త్రీ అయితే ఆమె ఇంటివారొకరు, లేదా మన ఇంటి స్త్రీలు వెంట ఉండాలి. అక్కలూ, ఖాలాలూ, వదినలూ ఈ సేవలో ముందుకు రావాలి. వాహనం నడపడం రాకపోయినా, ఆసుపత్రిలో తోడు కూర్చోవడం, ఆమె వచ్చేదాకా పిల్లల్ని చూసుకోవడం, డాక్టరు చెప్పిన పథ్యం ప్రకారం ఒక పూట వండిపెట్టడం ఏమంత చిన్న పనులు కావు.

ఐదోది, ఆటో నడిపే సోదరుల పట్ల న్యాయం. మన మొహల్లాల్లో ఎందరో ఆటో నడిపి బతుకుతున్నారు. ఎవరికి అవసరం వచ్చినా ఉచితంగా తీసుకెళ్లమని వారినే అడుగుతాం. ఉదయపు నాలుగు గంటలు వారి పిల్లల అన్నం. వారు ఇష్టంగా చేస్తే అల్లాహ్ ప్రతిఫలమిస్తాడు. కాని వారి మీద నెట్టేసి కారున్నవాళ్లు తప్పుకోవడం న్యాయం కాదు. కిరాయి మిగతావారు కట్టాలి.

ఆరోది, జకాత్ సంగతి. రోగి జకాత్ పుచ్చుకునే అర్హత ఉన్న పేదవాడైతే పైకం అతని చేతికే ఇచ్చి, కిరాయి అతన్నే కట్టుకోనివ్వడం నిరాక్షేపమైన పద్ధతి. జకాత్ సొమ్ము పుచ్చుకునేవాడి సొంతం కావాలన్నది హనఫీ ఫిఖహ్‌లో షరతు. వాహనం కొనడానికి, డీజిలు పోయించడానికి సదఖా, చందాలు వాడుకోవాలి. సందేహం వస్తే దగ్గర్లోని ఉలమాను అడగాలి.

శుక్రవారం నాడు రోగిని తీసుకెళ్తే జుమా తప్పుతుందేమోనన్న ఆందోళన కొందరిలో ఉంటుంది. బద్ర్ యోధులైన హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) జబ్బు పడ్డారని జుమా రోజున తెలిసి, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) సవారీ ఎక్కి ఆయన దగ్గరకు వెళ్లిపోయారనీ, ఆనాటి జుమా వదిలేశారనీ బుఖారీలో ఉంది. రోగిని వదిలి రావడానికి వీల్లేని పరిస్థితిని ధర్మవేత్తలు ఒక కారణంగా అంగీకరించారు. అయినా వంతులు వేసుకునేటప్పుడే ముందుచూపుతో ఆలోచిస్తే చాలావరకు ఈ చిక్కు రాదు.

ఇక చివరిది. ఖాళీ సీటు ఒక్క ముస్లిం కోసమే కాదు. దైవప్రవక్త (స) తనకు సేవ చేసే ఒక యూద బాలుడు జబ్బు పడితే స్వయంగా వెళ్లి పరామర్శించారు (బుఖారీ). పొరుగువాడు ఏ మతస్థుడైనా పొరుగువాడే. అతని డయాలసిస్ మంగళవారం మన మంగళవారం కంటే వేరు కాదు.

తవక్కుల్ అంటే ఏమిటి?

ఒక మాట చెప్పి ముగిస్తాం. వెళ్లడానికి దారి లేక చికిత్స మానేసిన కొందరు, అల్లాహ్ రాసినట్టు జరుగుతుందిలే అని సరిపెట్టుకుంటారు. మనం కూడా ఆ మాట విని, ఎంత గొప్ప తవక్కుల్ అని మెచ్చుకుంటాం. ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌ను నమ్ముకోమన్నారు దైవప్రవక్త (స) (తిర్మిజీ). వైద్యం చేయించుకోవచ్చా అని అడిగిన ఎడారివాసులతో చేయించుకోమన్నారు, ముసలితనానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడన్నారు (అబూ దావూద్, తిర్మిజీ). అందుకని ఎవరైనా ఆ మాట అన్నప్పుడు, అది నిజంగా తవక్కులా, లేక ఆటో కిరాయి లేని నిస్సహాయతా అని మనం తెలుసుకోవాలి. పేదవాడి నిస్సహాయతకు తవక్కుల్ అని పేరు పెట్టి మనం నిశ్చింతగా ఉండటం, తవక్కుల్‌కూ ఆ పేదవాడికీ కూడా చేసే అన్యాయం.

ఈ శుక్రవారం నమాజు తర్వాత మీ మస్జిదులో రెండు జాబితాలు రాసి చూడండి. మొహల్లాలో తేదీ ప్రకారం ఆసుపత్రికి వెళ్లాల్సినవారు ఎవరెవరు? వాహనం ఉన్నవారు ఎవరెవరు? మొదటి జాబితా కంటే రెండోది చాలా పొడుగ్గా ఉంటుంది. ఆ రెండింటినీ కలపడమే మనం చేయాల్సిన పని.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత చేకూర్చుగాక! మనకిచ్చిన సవారీలకు మనం కృతజ్ఞులమయ్యే భాగ్యాన్ని, అవి లేనివారి చూపులను గుర్తించే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.